ఊట పట్టిన పేగు

రొయ్యను వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు ఎత్తి, వీపు మీది పేగు గీత చూసి దాని ఆరోగ్యం చెప్పగలడు మా నాయన. అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్న వాళ్లంతా మగ్గుల్లో రొయ్యలు వేసుకుని ఆయన దగ్గరికే వస్తారు. అలాంటి మనిషికి తన పేగు సంగతే తెలియలేదంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

నెల్లూరులో డాక్టరుగారు ఆయన లివర్ గట్టిపడిందని తేల్చారు. చుక్క మందు ముట్టని మనిషి! షుగరూ కొవ్వూ కలిసి చేసిన నిర్వాకం. రోజుకు రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా ఒక తియ్యటి సిరప్ తాగమన్నారు. ఎందుకో కూడా చెప్పారు. నేను స్కాన్ కాగితాలకు ఫొటోలు తీసుకుంటూ సగమే విన్నాను. నాయన అదీ వినలేదు.

నాలుగు రోజులు తాగాక కడుపు జారింది. గుంటలో రొయ్యల రెట్ట తేడాగా ఉంటే రైతు మొదట మేత ఆపేస్తాడు. నాయన తనకూ అదే వైద్యం చేసుకున్నాడు. సిరప్ సీసాను బియ్యం డబ్బా వెనక దాచేసి, అన్నం మానేసి, మజ్జిగ నీళ్లతో కూర్చున్నాడు. అమ్మ అడిగితే "కడుపు కుదుటపడనీ" అన్నాడట.

మూడో రోజు పొద్దున ఎదురింట్లోంచి నేను వెళ్లేసరికి చొక్కా తిరగేసి తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఎవురు మే నువ్వు? రొయ్యలు చూపిచ్చేదానికి వచ్చినావా?" అన్నాడు.

ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను 'గయ్యాళీ' అని తప్ప పిలవని మనిషి. ఆ పిలుపు మళ్లీ వింటానో లేదోనని కారులో నెల్లూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆస్పత్రిలో చేర్చిన రెండు రోజులకు తెలివి తేటపడింది. నీళ్లడిగాడు, అమ్మను గుర్తుపట్టాడు. నా వంక మాత్రం ఊరికే చూశాడు. అప్పుడు డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పారు.

"పేగుల నుంచి వచ్చే రక్తం లివర్ గుండా పోవాలి పెద్దాయనా. అది గట్టిపడితే రక్తం వెనక్కి తన్ని ఒత్తిడి పెరుగుతుంది. పేగు గోడ వాచి, సందులు పడి, లోపలి క్రిములూ విషాలూ రక్తంలోకి కారతాయి. వాటిని లివర్ వడగట్టలేకపోతే మెదడు దాకా పోతాయి."

నాయన మోచేతి మీద లేచాడు. "అంటే సారూ, తూము పూడిపోతే నీళ్లు ఎగదన్ని కట్టకు ఊట పడతాదే, అట్టా గదా?"

"సరిగ్గా అంతే."

"ఊట ఆగనప్పుడు లోపలి కుళ్లు నీళ్లన్నా తోడి పారబొయ్యాల."

"ఆ సిరప్ చేసే పని అదే. అన్నం మాత్రం మానకూడదు."

"ఈ ముక్క అప్పుడే తూమూ కట్టా అని చెప్పుంటే నేనెందుకు మానతాను?" అని డాక్టరుగారి మీదికే తోసేశాడు.

ఇక నేను ఆగలేకపోయాను. "చెప్తే విన్నావా నాయనా? సీసాను బియ్యం డబ్బా వెనక దాస్తావా? నువ్వేమన్నా చిన్నపిల్లోడివా?" అని వార్డంతా వినబడేలా అరిచాను.

నాయన ముఖమంతా నవ్వయింది. "చూసినారా సారూ, గయ్యాళి! నా కూతురే."

డాక్టరుగారి ముందే ఏడ్చేశాను, నవ్వాను కూడా. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు నాయన పెరట్లోంచి వస్తూ వస్తూ "రెండు!", "మూడు!" అని కేకలు పెడతాడు. ఎదురింట్లో ఉండే నాకే కాదు, వీధంతటికీ వినబడుతుంది. సిగ్గుతో చచ్చిపోతాను. మధ్యాహ్నం దాకా ఆ కేక వినబడకపోతే మాత్రం వీధి దాటి పరిగెత్తుతాను.

"ఏం మే గయ్యాళీ, ఇంకా ఒకటే అయింది, సీసా అందుకో" అంటాడు.

ఆ పిలుపు విన్నాకే నేను సీసా మూత తీస్తాను.