అమ్మవారు పోసిన మూడో నెల

నాకు మూడో నెలలో ఒళ్ళంతా సన్నగా ఎర్రటి దద్దురు లేచింది. కాస్త జ్వరం, మెడ వెనక బిళ్ళలు. భవానీపురంలో మా అత్తగారింట్లో ఒక్క మాటలో తేల్చేశారు: అమ్మవారు పోసింది. ఇక మందు మింగకూడదు, డాక్టరు గడప తొక్కకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టి నాకు పెరుగన్నం పెట్టారు. మూడు రోజులకు దద్దురు పోయింది. తల్లి చల్లగా చూసి వెళ్ళిందని అత్తగారు నాకు వేపాకు, పసుపు కలిపిన నీళ్ళతో స్నానం చేయించి, గుడికి చలిమిడి పంపారు.

తర్వాత చెకప్‌కి పటమట వెళ్ళాం. "మధ్యలో జ్వరం గానీ, దద్దుర్లు గానీ వచ్చాయా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు, "అబ్బే, ఏం లేదండీ! పిల్ల దిట్టంగా ఉంది" అనేశారు. అమ్మవారిని రోగమంటే ఆ తల్లికి కోపమొస్తుందట. డిగ్రీ చదివిన నేను గంగిరెద్దులా తల ఊపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

కూతురు పుట్టింది. పక్కన కుక్కర్ విజిల్ వేసినా కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఇరుగుపొరుగు మురిసిపోయారు. రెండేళ్ళు నిండినా అమ్మా అనలేదు. "మావాడికీ మాటలు ఆలస్యమేనే, ఎందుకా కంగారు?" అన్నారు అత్తగారు. నేనూ నమ్మాను. నమ్మితే హాయి కదా!

మూడేళ్ళు దాటాక పిల్లను చంకనేసుకుని నేనొక్కదాన్నే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువన్నాడు. ఆ మూడో నెల సంగతి చెప్పాను. "రుబెల్లా అయ్యుండొచ్చమ్మా, తల్లికి వస్తే కడుపులో బిడ్డ చెవులు దెబ్బతింటాయి. అప్పుడు చెప్పినా దానికి మందు లేదు. కానీ చెప్పుంటే పుట్టగానే చెవులు పరీక్ష చేసేవాళ్ళు. మాటలు నేర్చే వయసు ఊరికే పోయింది" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అత్తగారు లెంపలేసుకుని, "అమ్మవారి మీదే నింద వేస్తావా?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. "అమ్మవారి మీద కాదండీ, మీ మీద, నా మీద!" అని అరిచాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. పీడా పోయిందనుకున్నాను.

చెవులకు మెషీన్లు పెట్టిన రోజు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని "బంగారూ" అని పిలిచాను. ఉలిక్కిపడి బావురుమంది. ఏడుపు ఆగాక మళ్ళీ పిలిచాను. నా కూతురు తన చిన్న అరచేత్తో నా నోరు గట్టిగా మూసేసింది.