నిమ్మకాయలు తొక్కని కారు

శనివారం పొద్దున మా ఇంటి ముందు నాలుగు నిమ్మకాయలు నా పరువు తీసేశాయి. ముందు ఆ టీ మింగేయండి, తర్వాత చెప్తా. నా చొక్కా తెల్లది.

నేను సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్న సంగతి ఈ న్యూజిలాండ్ పామర్‌స్టన్ నార్త్‌లో తెలియని తెలుగువాళ్ళు లేరు. ఎలా ఉంటారు, కనబడిన ప్రతివాళ్ళకీ నేనే చెప్పా! మా ఆవిడ మాధవికే మొదట్నుంచీ ఇష్టం లేదు. హాస్పిటల్లో డ్యూటీ, టైముకి చేరాలి, పెట్రోల్ కారే కావాలంది. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద ఒప్పుకుంది. మొదటి రోజే గానీ మొరాయించిందా, డీలర్‌కి తిరిగిచ్చేసి పెట్రోల్ కారు తేవాలి. ఇంజినే లేని కారుకి స్టార్టింగ్ ట్రబులేంటే అని నవ్వాను కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఇక్కడ ఎవరు కారు కొన్నా పూజ చేయించేది సుశీల ఆంటీయే. తొమ్మిదికల్లా రాహుకాలం, ఈలోపే బండి నిమ్మకాయలు తొక్కాలంది. వచ్చినవాళ్ళకి బ్యాటరీ వంద చూపించాలని నాకు సరదా. అందుకని తెల్లారగానే గరాజ్‌లోంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టా. ఈ కారుకి ప్లగ్ పెట్టేది సరిగ్గా ముక్కు మీద. ఆడవాళ్ళ చీరలకి వైరు అడ్డం పడుతుందని దాని మీద చాప పరిచింది కూడా నేనే. అంత జాగ్రత్త మనిషిని!

ఆంటీ వచ్చీ రాగానే ఇంత లావు బంతిపూల దండ కారు ముక్కుకి వేసేసింది. బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, హారతిచ్చింది. టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టి, ఇక ఎక్కు బాబూ అంది.

ఎక్కా. బటన్ నొక్కా. బ్రేక్ తొక్కి గేరు వెయ్యబోతే పడదు. డాష్‌బోర్డు మీద ఏదో ఎర్రగా వెలిగింది. జపాన్ నుంచి దిగిన బండి కదా, రాసిందంతా జపనీసే! బ్యాటరీ పోయిందనే అనుకున్నా. ఏసీలో కూడా చెమటలు పట్టేశాయి. అద్దంలోంచి చూస్తే మాధవి చేతులు కట్టుకుని నిలబడింది. షరతు గుర్తుందా అన్నట్టు తల ఊపింది. అది చూస్తేనే ఎక్కువ భయమేసింది.

ఆంటీ వాళ్ళాయన, అంకుల్ వచ్చి బానెట్ తియ్యమన్నారు. దండ నలిగిపోతుంది, ముట్టుకోవద్దని ఆంటీ గద్దించింది. అయితే వెనక నుంచి తోసేద్దాం, రాహుకాలం వచ్చేస్తోందని ఫ్రెండ్సంతా చొక్కా చేతులు మడిచారు. పక్కింటి కివీ పెద్దాయన కూడా కాఫీ కప్పు గోడ మీద పెట్టి సాయానికి వచ్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తోపులాటలో పూలు పాడవుతాయని మాధవి ముందుకొచ్చి దండ ఎత్తింది. ఎత్తి, అలాగే నిలబడిపోయింది. దండ కింద ప్లగ్గు. ప్లగ్గుకి వైరు. వైరు మీద నా చాప.

"ఏవండీ, కట్టేసి రమ్మంటే ఇదెలా వస్తుంది?"

అందరూ పగలబడి నవ్వారు. ప్లగ్ తగిలించి ఉన్నంతసేపూ ఈ బండికి గేరు పడదు మరి. మాధవి అది పీకి, నన్ను దింపి, తనే ఎక్కింది. నిమ్మకాయలు నాలుగూ ఒక్కసారే చితికిపోయాయి. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, బండి బంగారంలా ఉంది, దీన్ని తిరిగివ్వక్కర్లేదంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో తాళం తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసేసుకుని, ట్రబులంతా మీలోనే ఉంది, మీరు సైకిల్ మీద వెళ్ళండంది.

సరే, మన ఊరు చదునే కదా, సైకిలైతే ఏం? సోమవారం హెల్మెట్ పెట్టుకుని దర్జాగా ఎక్కా. కిచెన్ కిటికీలోంచి మాధవి చూస్తోంది. పెడల్ మీద కాలేసి ఒక్క తోపు తోశా.

కదల్లేదు. తాళం తియ్యడం మర్చిపోయా.