పిలవని బదులు

మా అత్త నోట్లో ఒక మాట ఎప్పుడూ నానుతుండేది: "ఎవరిది నా మీద ఉంచుకోను." ఎవరింటి నుంచైనా గిన్నెడు చింతపండు పులుసు వస్తే, ఆ గిన్నెలో పిడికెడు పల్లీలు పోసి తిప్పి పంపుతూ ఆ మాటే అనేది. బజార్లో ఎవరైనా ఒక తిట్టు తిడితే, రెండు తిట్టి వచ్చి మళ్లీ ఆ మాటే అనేది. మేలైనా కీడైనా తిరిగి ఇచ్చిందాకా ఆవిడకు ముద్ద దిగేది కాదు. గోపాల్‌పేట దగ్గరి ఆ పల్లెకు కొత్త కోడలిగా వెళ్లిన నాకు, ఈ ఇంట్లో నోరు జారకూడదని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

అన్నిటికన్నా ఆవిడను భయపెట్టేది బదులు. అందులో కూలి ఉండదు, పైసా ఉండదు. ఇవాళ మీరు మా చేనికి కోతకొస్తే, రేపు మేము మీ చేనికి వెళ్తాం. రోజుకు రోజు, మనిషికి మనిషి. కట్టుబాట్లు మాత్రం రెండున్నాయి. చేను గలవాళ్లు ఇంటికొచ్చి పిలవాలి, మధ్యాహ్నం అన్నం పెట్టాలి. పిలవకుండా వెళ్తే, తినకుండా వస్తే, అది బదులు కాదు, ధర్మం. ధర్మం పుచ్చుకునే మనిషి మా ఊళ్లో పుట్టలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆ ఏడు మా జొన్నకోతకు వెనకింటి చిన్నత్త మూడు రోజులు వచ్చింది. చుట్టరికమేం లేదు, పిలుపు వరస అంతే. మొగుడు పోయాడు, కూతురు అత్తారింట్లో ఉంది, ఆవిడకు మిగిలింది వానకు పండే ఒక మెట్ట చెలక. మా అత్తకు ఆవిడంటే ప్రాణం. అలాంటిది, మా కోత అయిన మర్నాడే మా దూడ గోడ దూకి చిన్నత్త చిక్కుడు పాదును మొదలంటా మేసింది. ఇంక చూడాలి నా సామిరంగ!

"నీ దూడకు మేత పెడ్తలేవా ఏంది?"

"నీ పాదుకు కంప పెట్టుకోనీకి చేతుల్లేవా?"

పొద్దు వాలేదాకా తిట్టుకున్నారు. చివరికి చిన్నత్త, "నీ గడప తొక్కితే నా చెప్పుతోనే నన్ను కొట్టు" అని తలుపేసుకుంది.

పది రోజులకు ఆవిడ జొన్న కూడా కోతకొచ్చింది. ఆవిడ పిలవదు. ఒక్కతే పోయి కోసుకుంటుంది. మూడు రోజుల బదులు మా నెత్తి మీద అట్లాగే ఉండిపోయింది.

"చూసినవా పిల్లా? కావాలెనని పిలుస్తలేదు. బదులు ఎగ్గొట్టిందని ఊరంత చెప్పుకోనీకే. గింత కసి ఉంటదా మనిషికి!" అని మా అత్త రుసరుసలాడేది. నాకైతే లోపల్లోపల ముచ్చటేసింది. తిట్టకుండా, కొట్టకుండా, బాకీ తీర్చుకోనివ్వకుండా పగ తీర్చుకోవడం! వనపర్తి సంస్థానం మొత్తం వెతికినా ఇంత గడుసుది దొరకదనుకున్నాను.

"పిలవకపోతే మనమే పోదాం అత్తా. మా తల్లిగారి లింగాల దిక్కు గట్లనే పోతరు" అన్నాను.

"మీ అడివి ముచ్చట్లు నాకు చెప్పకు" అంది.

ఆవిడ కోత మొదలుపెట్టిన నాలుగో రోజు తెల్లవారేసరికి మబ్బు పట్టింది. కోతకొచ్చిన జొన్న మీద వాన పడితే కంకి నల్లబడుతుంది. చిన్నత్తకు ఏడాది తిండి ఆ చెలకలోనే నిలబడి ఉంది. మా అత్త వాకిట్లో నిలబడి కాసేపు మబ్బును, కాసేపు గొళ్లెం పెట్టిన వెనకింటి తలుపును చూసింది.

"కొడవండ్లు తియ్యే. గింజ నల్లబడితే ఆ పాపం గూడ నాకే సుట్టుకుంటది" అంది. రొట్టెల మూట కూడా కట్టించింది. శత్రువు పెడుతుందన్న ఆశ లేదు కదా మరి!

చేనికి వెళ్లి, పలకరింపు లేకుండా రెండో కొస నుంచి కోత మొదలుపెట్టాం. చిన్నత్త నడుము లేపి చూసింది.

"మిమ్ముల ఎవరు పిలిచిన్రు?"

మా అత్త కొడవలి ఆపలేదు. కోతలో ముగ్గురం పోటీ పడ్డాం. కోపం మీద కొడవలి భలే నడుస్తుంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చేను సగానికి పైగా పడింది.

నాకు ఆకలి దంచేస్తోంది. చిన్నత్త కదలదు. "పిలవకుండ వచ్చినోళ్లకు పెట్టనీకి నేనేం సత్రం నడుపుతలేను" అంది అటు తిరిగి.

"ఇంత పిసినారితనమా!" అన్నాను నేను, వినపడాలనే.

మా అత్త నీళ్లకని గట్టు మీది కుండ దగ్గరికి వెళ్లింది. పక్కనే చిన్నత్త సద్ది గిన్నె. కాకి మూత లాగేసినట్టుంది. నేనూ వెనకాలే వెళ్లి చూశాను. చేలగట్ల మీద కలుపుగా మొలిచే గునుగాకు ఉడకబెట్టింది, రెండు ఉప్పు రాళ్లు. రొట్టె ముక్క లేదు, జొన్న గట్క మెతుకు లేదు. యుద్ధం పేరు చెప్పి, లెవీ కింద సర్కారు వాళ్లు పాత జొన్నలు కొలుచుకుపోయాక చాలా ఇళ్లలో గాదెలు ఊడ్చుకుపోయాయి. మా గాదెలో ఇంకా ఉన్నాయి గనక నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆవిడ పిలవంది కసితో కాదు. పిలిస్తే పెట్టాలి గనక. నా నాలుక కోసుకోవాలనిపించింది.

నేను నోరు తెరవబోతే మా అత్త నా చెయ్యి మీద గట్టిగా గిల్లింది. మూత మళ్లీ పెట్టేసింది. తర్వాత ఊరంతా వినేటట్టు అరిచింది.

"నీ వంట ఎవరు తింటరే? నోట్ల పెట్టలేం! ఇటు రా, నా రొట్టె తిను. ఊకెనే కాదు మల్ల. జొన్న ఇల్లు చేరినంక నాకు నాలుగు రొట్టెలు పెట్టాలె. పెట్టకపోతే బజార్ల నిలబెట్టి అడుగుత, ఏమనుకుంటున్నవో!"

చిన్నత్త కొడవలి కింద పెట్టింది. తర్వాత వచ్చి మా అత్తకు ఎదురుగా కూర్చుని రొట్టె అందుకుంది.

"నాలుగు పెట్టనీకి నువ్వేమన్న దొరసానివా? మూడు పెడ్త" అంది. అని రొట్టె తుంచింది గానీ, ఏడుపు అడ్డమొచ్చి ఆ ముక్క నోట్లో పెట్టుకోలేకపోయింది.