క్రియ లేని ఇంగ్లీషు

మా వదిన కాపురానికి వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు, తనకు పద్దెనిమిది. మాది గిద్దలూరు పక్కన పల్లె. గొర్రెలు, మేకలు, ఎడ్లు, వాన పడితే పండే జొన్నచేలు. వదిన వాళ్ళ నాయన దొనకొండ రైలు కాలనీలో మేస్త్రీ. అందుకని ఆమె అక్కడి మిషను బడిలో మూడో ఫారం దాకా, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి దాకా, చదివింది. మా ఊరి మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి, ఆడైనా మగైనా, మా వదిన ఒక్కతే. ఆ సంగతి తలుచుకుంటే నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

"నాకూ నేర్పు వదినా" అని ఆమె కొంగు పట్టుకొని తిరిగినాను. చివరికి ఒకనాడు జొన్నలు చెరుగుతా మొదలుపెట్టింది.

"మొదట బలమైన మాటలు నేర్చుకో పిల్లా. కెన్ అంటే చేతనవుతుంది. మే అంటే చెయ్యొచ్చు. మస్ట్ అంటే చెయ్యక తప్పదు."

మరుసటి రోజు చిన్న మాటలు చెప్పింది. ఇన్ అంటే లోపల, ఆన్ అంటే మీద, అండర్ అంటే కింద, టు, ఫ్రమ్, విత్. "మరి పోవడం, రావడం, తినడం?" అంటే, "అవి బోలెడుంటాయి, నిదానంగా నేర్చుకుందువులే" అనింది. నాకు నిదానం ఎక్కడిది? ఉన్న మాటలనే ఒకదానికొకటి అతికించేసినాను.

పొద్దున్నే బిందె చంకన పెట్టుకొని, "వదినా, మస్ట్ టు బావి!" అన్నాను. పళ్ళు తోముకుంటున్న వదిన నోట్లో వేపపుల్ల జారి కింద పడింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. దిద్దుతుందనుకున్నాను. దిద్దలేదు. "మే విత్ తాడు" అని బదులిచ్చింది.

అంతే, మా ఇంట్లో కొత్త భాష పుట్టింది. సంగటి ముందర కూచుంటే "మస్ట్ విత్ నెయ్యి!" మేకపిల్ల గాదె కిందికి దూరితే "కెన్ నాట్ అండర్!" నాయన పొలం నుంచి వచ్చి గడపలో నిలబడితే ఇద్దరం ఒక్కసారే "మే ఇన్, మే ఇన్!" అని అరిచేవాళ్ళం.

"ఏందమ్మా ఈ మేమేలు? ఇంట్లో ఉండే మేకలు చాలవా?" అనేవాడు నాయన. ఆ మాటకు మళ్ళీ పడీపడీ నవ్వేవాళ్ళం.

జొన్నకోతలు అయిపోయినాక వదినను కొన్నాళ్ళు పుట్టింటికి పంపుదామని అనుకున్నారు. నేనూ పోతానని అన్నం మానేసినాను. ఒక పూటకే గెలిచినాను. నాయన మమ్మల్ని బండి మీద గిద్దలూరు స్టేషనుకు తోలుకొచ్చినాడు. వదిన వాళ్ళమ్మకని ఒక మేకపిల్లను కూడా గంపలో పెట్టి ఇచ్చినాడు.

రైలు వచ్చింది. మగవాళ్ళ పెట్టెల్లో చీమ దూరే సందు లేదు. ఆడవాళ్ళ పెట్టె దగ్గరికి పరిగెత్తితే తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. కిటికీలో గౌను తొడుక్కున్న ఒక పెద్ద వయసు దొరసాని, నెత్తిన టోపీ, కూచుని ఉంది.

"అమ్మగారూ, ఆడబిడ్డలమ్మా. కొంచెం గడియ తియ్యండి" అని నాయన బతిమాలినాడు.

ఆమె గంపలో మేకను చూసింది. "లేదు! మేక లేదు! నువ్వు అక్కడ! నేను ఇక్కడ!" అని తెలుగులోనే కసిరింది.

గార్డు ఈల ఊదినాడు. నేను వదిన వైపు చూసినాను. మూడో ఫారం చదివిన మా వదిన ఆ టోపీని చూసి బిగుసుకుపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఇంక ఆగితే రైలు పోతుంది. నేనే కిటికీ ఊచలు పట్టుకొని గట్టిగా అరిచినాను.

"మేడమ్! వి మస్ట్ ఇన్!" రైలు పైకప్పు చూపించి, "వి కెన్ నాట్ ఆన్!" వదినను ముందుకు నెట్టి, "షి మస్ట్ టు మదర్!" గంపను ఎత్తి చూపి, "గోట్ మే అండర్!"

అప్పుడే గంపలోనుంచి మేకపిల్ల "మే..." అని సాగదీసింది.

ఆమె కళ్ళు ఇంతింతయినాయి. గడ్డం వణికింది. తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా. టోపీ పక్కకు ఒరిగిపోయింది. నవ్వుతానే లేచి గడియ తీసి, "యూ మే ఇన్!" అనింది.

రైలు కదిలింది. నాయన మూటను లోపలికి విసిరి ప్లాట్‌ఫారం మీద మా వెంట పరిగెత్తినాడు. "ఏమనిందమ్మా ఆమె?" అని అరిచినాడు.

"మే ఇన్ అనింది నాయనా!"

ఆమె దొనకొండలో ఇంజను డ్రైవరు భార్య అట, నంద్యాలలో కూతుర్ని చూసి వస్తున్నదట. నవ్వు తగ్గినాక కళ్ళు తుడుచుకొని, బడిపంతులు లాగా వేలెత్తింది. "మస్ట్ ఇన్, తప్పు! మధ్యలో పని ఏది?" అని, బెంచీ మీద ఒక పక్క టోపీ పెట్టి "మస్ట్" అనింది. ఇంకో పక్క తన టిఫిను క్యారియరు పెట్టి "ఇన్" అనింది. మధ్యలో మేకపిల్లను కూచోబెట్టి "గెట్!" అనింది. మస్ట్ గెట్ ఇన్.

"గెట్టుకు తోక లేదు" అని కూడా చెప్పింది. "గెట్స్ కాదు. గాట్ కాదు. టు గెట్ కాదు. ఒట్టి గెట్."

ఇంతలో మేకపిల్ల దిగి వదిన ఒళ్ళోకి పోయింది. మళ్ళీ టోపీ పక్కన క్యారియరు మిగిలింది, మస్ట్ ఇన్! ముగ్గురం కడుపులు పట్టుకున్నాము. ఆ నవ్వులో వదిన భయమంతా కొట్టుకుపోయింది.

కంభం దాటినాక వదిన తనలో తాను ఏదో గొణుక్కుంటా ఉంది. ఉన్నట్టుండి నా జబ్బ పట్టుకొని ఊపేసింది.

"పిల్లా! మన మాటను చివరినుంచి చదువు! పెట్టెలోకి ఎక్కాల. చివర ఏముంది? ఆల. అదే మస్ట్. దాని ముందు ఎక్కు, అది గెట్. దాని ముందు లోకి, అది ఇంటు. దాని ముందు పెట్టె!"

మస్ట్ గెట్ ఇంటు ది పెట్టె. బావినుంచి తేవాల అన్నాను, తెలియని మాటలు వదిన అందిస్తే తిప్పినాను: మస్ట్ బ్రింగ్ ఫ్రమ్ ది వెల్. అమ్మతో పోవచ్చు: మే గో విత్ మదర్. వాళ్ళకు ముందు వచ్చేవన్నీ మనకు వెనక అతుక్కుంటాయి! మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకొని ఊగే రైల్లో గిర్రున తిరిగినాము.

డ్రైవరు భార్య మాకంటే ఎక్కువ సంబరపడింది. ఆమె అటునుంచి ఇటు తిప్పింది. "కెన్ సిట్ ఆన్ ది బెంచ్... బెంచీ... మీద... కూచో... వచ్చు! బెంచీ మీద కూచోవచ్చు!" అని చప్పట్లు కొట్టింది. "ఇన్నేళ్ళు నేను ఇక్కడ! ఎవరూ చెప్పలేదు!"

మార్కాపురం రోడ్డు స్టేషనులో శనక్కాయలమ్మే అతను కిటికీ దగ్గరికి వస్తే, ఆమె గొంతు సవరించుకొని, "ఈ గంపలో పోయాల!" అనింది. అతను నోరు తెరిచినాడు. "అమ్మగారూ, మీకు తెలుగు వచ్చేసిందే!" అని దోసెడు కాయలు కొసరు వేసినాడు. గజ్జెలకొండ దాకా ఒలుచుకు తింటా, చెయ్యడం ధర్మం అని చెప్పే 'ఆట్' (ought) అనే మాట గురించి తగువు పడినాము. మస్టుకు లేని 'టు' దీనికెందుకని నేను అడిగితే, "ఆట్, టు, మొగుడు పెళ్ళాం. విడిగా పోవు" అనింది ఆమె.

దొనకొండలో వదిన వాళ్ళ నాయన మాకోసం నిలబడి ఉన్నాడు. డ్రైవరు భార్య మా భుజాల మీద చేతులు వేసుకొని దిగడం చూసి, సలాము చేయబోయిన చెయ్యి గాలిలోనే ఆపేసినాడు. ఆమె నన్ను ముందుకు నెట్టి, ఒక్కో ముక్కా జాగ్రత్తగా వెనకనుంచి పేర్చుకొని, "ఈ పిల్ల మా మిషను బడికి పోవాల" అని చెప్పింది.

మమ్మల్ని తీసుకుపోవడానికి నాయన వచ్చినప్పుడు వదిన వాళ్ళ నాయన ఆ మాట ఆయన చెవిన వేసినాడు. నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఆడపిల్లకు ఇంత దూరంలో చదువేంది" అంటాడనే అనుకున్నాను. వదిన తలుపు పక్కన నిలబడి, "నేను పుట్టి పెరిగిన ఇల్లే కదా మామా. మా అమ్మ కూతురిలాగా చూసుకుంటది" అనింది.

"రైలు గడియ తీయించిన పిల్ల. ఇంక నేను ఆపితే మాత్రం ఆగుతదా?" అన్నాడు నాయన. నేను వదినను వాటేసుకొని గట్టిగా ఏడ్చినాను, ఏడుస్తానే నవ్వినాను. వదినా అంతే.

వాళ్ళిద్దరూ ఊరికి పోయే పొద్దున స్టేషనుకు నేనూ పోయినాను. నాయన నన్ను పక్కకు పిలిచి, "గిద్దలూరుకు పోవాల అనేదాన్ని తిప్పు చూద్దాం" అన్నాడు. తిప్పి చెప్పినాను. పెదవులతో రెండుమూడు సార్లు అనుకున్నాడు. తలపాగా సర్దుకొని టికెట్ల కిటికీలోకి తల పెట్టి, మేకల్ని అదిలించే గొంతుతో, "ఐ మస్ట్ గో టు గిద్దలూరు!" అన్నాడు.

లోపలి గుమాస్తా ఉలిక్కిపడి కుర్చీలోనుంచి లేచి నిలబడినాడు. "ఎస్ సార్!" అన్నాడు.

"కోడలు కూడా మస్ట్!" అన్నాడు నాయన.