పాములకు చలి పెట్టిన ఏడాది

ఏడో తరగతి సైన్సు పరీక్షలో నాకొచ్చిన మార్కులూ, పాముకున్న కాళ్లూ సమానం. ఆ మార్కులు వేసిన సారే ఇరవై ఏళ్ల తర్వాత, పాముల గదిలో హీటర్ చెడిపోయిందని నన్ను పిలిపించారు. అప్పటికి నేను మెదక్‌లో ఏసీలు, కూలర్లు బాగుచేసుకుంటున్నాను. ఆయన రిటైరై, చర్చి వెనక వీధిలో రెండు కార్న్ స్నేకులను పెంచుతున్నారు. అమెరికా జాతి, విషం లేదు, కాగితాలన్నీ ఉన్నాయి. అయినా నేను హీటర్ చూడ్డానికి ఎక్కిన స్టూలు దిగకుండానే మాట్లాడాను.

"ఏడాదంత ఒక్కతీరుగ వెచ్చగ పెట్టిన. నాలుగేండ్లాయె, ఒక్క గుడ్డు లేదు," అన్నారు సారు. "ఆడదానికి వయసైతుంది. ఈ ఎండకాలం పెట్టకపోతే ఇంక పెట్టది."

"ఏడాదంత ఒక్కతీరుగ ఉంటే దానికి లగ్గాల సీజన్ ఎట్ల తెలుస్తది సార్? నేనైతే హీటర్ బాగుచెయ్యను. కిటికీ తెరువుండ్రి, మెదక్ చలి ముఫత్ల వస్తది."

జోకుగానే అన్నాను. సారు నవ్వలేదు. పుస్తకాల్లోనూ అదే ఉందట: చలికాలం గడిచి ఎండ ముదిరితేనే పాము జతకడుతుందట. చదివి కూడా ధైర్యం చాలక ఊరుకున్నారు.

ఒకటే షరతు. చలిలో పాముకు అరగదు, కడుపులో ఉన్నది కుళ్లిపోతుంది. అందుకని మూడు వారాలు ముందే తిండి ఆపి, రెండింటినీ వెనక గదిలో షాబాద్ బండల మీద వేరువేరు టబ్బుల్లో పెట్టాం. రెండు నెలలు నీళ్లు మాత్రమే. కిటికీ తెరిచింది నేనే.

"మా రంజాన్ రోజాలన్న పొద్దుగూకితే ఇడుస్తం. దీనికి రెండు నెలలా సార్?" అన్నాను. దానికీ నవ్వలేదు.

క్రిస్మస్ వచ్చింది. పండుగనాడు ఇంట్లో ఏ నోరూ పస్తుండకూడదని సారు భార్య పట్టుదల. వీధంతా కేకు పంచి, మా ఇంటికీ ఒక డబ్బా పంపి, ఫ్రిజ్‌లో కేకుల కింద పాముల తిండికని గడ్డకట్టించి దాచిన ఎలుకను తీసి, వేడినీళ్లలో కరిగించి ఆడపాముకు పెట్టారు.

నాలుగో రోజు అది కక్కేసింది. వాసనకు గదిలో నిలబడలేకపోయాం. పాము తడితాడులా పడి ఉంది.

"పండుగ పూట ఉపాసమేందని పెట్టిన బిడ్డా," అన్నారామె. సారు టబ్బు కడిగారు. నేను స్టూలు వేసుకుని, బాగుచెయ్యనన్న హీటరే బాగుచేశాను.

వారం రోజులు వెచ్చని గదిలో, నీళ్లతో. ఎనిమిదో రోజు తల ఎత్తింది. మళ్లీ చలిలోకి తీసుకెళ్లడానికి సారుకు చేతులు రాలేదు. టబ్బు నేను పట్టుకున్నాను.

"సస్తే నీ జిమ్మ, నాది గాదు," అన్నారు.

"నా జిమ్మనే సార్."

శివరాత్రికి ఏడుపాయల జాతరకు జనం కదిలే నాటికి ఎండ దానంతటదే ముదిరింది. రెండు పాములూ కుబుసం విడిచాయి. ఒకే టబ్బులో వదిలాం. వేసవిలో ఒక పొద్దున, తడి కొబ్బరిపీచులో పది తెల్లటి గుడ్లు. సారు భార్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. సారు అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ లెక్కపెట్టారు.

"ఇప్పుడన్న పాస్ చేయుండ్రి సార్," అన్నాను.

"దేనికిరా? గుడ్లు అది పెట్టింది. నువ్వు కిటికీ తెరిచినవ్, గంతే. బడిల గూడ నువ్వు చేసింది గదే, కిటికీ తెరిచి నా క్లాసు ఎగ్గొట్టి బయటికి దుంకినవ్. ఈసారి దుంకలే, గదొక్కటే ఫరక్."