మరియమ్మత్త చెప్పుకున్న మనవి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నలుగురిలో నోరు విప్పాలంటే నాకు ఇప్పటికీ వణుకే, అందుకే రాసుకొచ్చి చదువుతున్నాను. మూడేళ్ల కిందట మా ఇంట్లో చీకటి కమ్మింది. డోన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే మా నాన్న దొంగ రాగితీగ కొననన్నందుకు ఒకడు ఆయన కుడిచేతి నరాలు కోసేశాడు! వాడు పోలీసులకు రహస్యంగా సమాచారం చేరవేసే ఇన్‌ఫార్మర్, మా సంఘంలోని మరియమ్మత్త కొడుకు. వాడు జైలుకు వెళ్లాడు. కానీ వాడు పోలీసుల మనిషే కాబట్టి ఈ నష్టానికి ప్రభుత్వం కూడా బాధ్యత వహించాలని నాన్న దావా వేస్తే, వాడెవడో పోలీసులకు తెలియనే తెలియదని ప్రభుత్వం నుంచి జవాబు వచ్చింది.

అయ్యో, అంతకు ముందటి మా శుక్రవారం కూడికలు! చాపల మీద ఇరుక్కుని కూర్చోవడం, నాన్న డోలక్, అత్త కొంగులో తెచ్చే బొరుగులు, ఒక్కొక్కరు ప్రార్థన మనవి చెబుతుంటే మాట పెగలని నేను అవన్నీ డైరీలో రాసుకోవడం. "నాదీ రాసుకో పాపా, దేవునికి మతిమరుపు లేదు గానీ మన పాస్టరయ్యగారికి శానా ఉండాది" అని అత్త అందరినీ నవ్వించేది.

ఒకరోజు ఆ పాత పేజీలు తిరగేస్తూ ఏడుస్తుంటే అత్త మనవి ఒకటి కనబడింది, నాన్నకు దెబ్బ తగలడానికి రెండు నెలల ముందుది: "నా కొడుకు కత్తి పెట్టుకొని తిరుగుతాండాడు, పట్టుకోండని ఎస్సై సారుకు చెప్పినా. వాడు మా మనిషిలేమ్మా, మాకు పనికొస్తాండాడు అన్న్యాడు. వాని కోసం ప్రార్థన చేయండి."

కూడికలో చెప్పుకున్నది గడప దాటకూడదని మా కట్టుబాటు. "ప్రభువా, ఇది కోర్టుకు చూపిస్తే అత్తకు ద్రోహం, దాచితే నాన్నకు ద్రోహం, నాకు దారి చూపు తండ్రీ" అని మూడు రోజులు ఉపవాసముండి, డైరీ పట్టుకుని అత్త ఇంటికే వెళ్లాను. నాతో ఆ పేజీ చదివించుకుని, ఆమె డైరీ మూసి నా చేతిలో పెట్టింది.

"కాగితమేం చెబుతాది పిల్లా, నేనే వచ్చి చెప్తా. ఆ పొద్దే వాన్ని పట్టుకొనింటే మీ నాయన చెయ్యి బాగుండు, నా కొడుక్కూ ఈ పాపం తప్పేది. యాడికి రావల్లో చెప్పు."

కర్నూలు కోర్టులో అత్త సాక్ష్యం చెప్పింది, తర్వాత నేనూ బోనెక్కి ఆ పేజీ చదివాను, నా గొంతు నాకే వినబడింది, హల్లెలూయ! తెలిసి కూడా వాణ్ని వదిలేసినందుకు ప్రభుత్వానిదే బాధ్యత అని తీర్పు వచ్చింది.

నాన్న చేతికి మునుపటి పట్టు రాలేదు, ఆయన డోలక్ మోగించిన ఆ శుక్రవారాలూ మళ్లీ రావు. అయినా అత్త తన కొడుకును చూడటానికి కడప జైలుకు పోయినప్పుడల్లా తోడు వెళ్లేది మా నాన్నే, ఇది మనుషుల వల్ల అయ్యే పనా! ఎవరితోనూ చెప్పుకోలేని భారం మీలో ఎవరికైనా ఉంటే, నా మూగతనాన్ని తీసివేసిన ఆ తండ్రితో ఈ పూటే చెప్పుకోండి. సమస్త మహిమ ఆయనకే.