అక్క రాలేని ఊరు

మా అత్తకు నవంబరు నెలాఖరున డెబ్బై నిండుతాయనీ, ఆ పుట్టినరోజు యూరప్‌లో చేద్దామనీ మా ఆయన అన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో చూసే పని నా మీద పడింది.

మాకు కోయంబత్తూరులో బట్టల కొట్టు ఉంది. ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి ఉండిపోయిన తెలుగు కుటుంబం. నేను మదురై నుంచి ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. పెద్ద కోడలిని అక్కా అని పిలుస్తాను. ఆమె భర్త, మా బావగారు, గుండెపోటుతో పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్లలు లేరు. అక్క ఆ ఇంట్లోనే ఉండిపోయి, పొద్దున వంట చూసుకుని, పగలు కొట్టుకు వచ్చి కంప్యూటర్ పనంతా చేసేది. ఆమెకు చలి పడదు. ఒకసారి అందరం ఊటీ వెళ్తే ఆయాసం వచ్చి, పెదాలు నీలంగా మారిపోయి, కారులో మేట్టుపాళయం ఆసుపత్రికి దించాల్సి వచ్చింది. ఆ కారులో అక్క తల అత్త ఒడిలోనే ఉంది.

అందుకే నేను నవంబరులో కూడా ఎండ ఉండే ఊళ్ళు ఏరాను. ఆదివారం భోజనాలయ్యాక హాల్లో టీవీలో ఒక్కొక్కటే చూపించాను. మొదట లిస్బన్.

"సముద్రమా? రామేశ్వరంలో లేనిదేంది అక్కడ?" అంది అత్త.

ఏథెన్స్ చూపించాను.

"కూలిపోయిన గోడలు చూసేదానికి అంత దూరం ఏల పోవాల? మీ మదురై ఇంట్లోకి పోతే చాలదా?"

మా ఆయన నవ్వాడు. మా పుట్టింటి వెనక గోడ ఆ వానాకాలంలోనే పడిపోయింది. అది అందరికీ తెలుసు. నేను స్పెయిన్‌లో ఒక ఊరు తీశాను. నారింజ చెట్లు, తెల్లటి ఇళ్ళు. అత్త ఆవలించింది. ఆ వీడియో అయిపోగానే దానంతటదే ఇంకొకటి మొదలైంది. స్విట్జర్లాండులో ఒక కొండ ఊరు. నిండా మంచు, తీగ మీద పైకి పోతున్న ఎర్ర పెట్టె, అందులో కోటు తొడుక్కున్న జనం.

అత్త ముందుకు వంగి కూర్చుంది. "ఇది. ఇక్కడికే పోదాము."

"అత్తా, అక్కడ రొంబ కుళిరు. ఆ చలిలోకి అక్క రాలేదు," అన్నాను.

"తెలుసు. అందుకే కదా ఇది."

మా ఆయన తలెత్తాడు. "అమ్మా, ఏంది ఆ మాట?"

"నిజమే చెప్తా ఉండాను. దాన్ని చూస్తే నాకి నా కొడుకు పోయిన రోజే కళ్ళ ముందరకి వస్తాది. డెబ్బై నిండే రోజు ఒక్క రోజు అది నా ఎదర వద్దు. నువ్వు రావద్దని నేను చెప్తే చుట్టాలు నన్ను తిడతారు. ఆ మాట కుళిరు చెప్పనీ."

అత్త గొంతు తగ్గించలేదు. హాలుకూ వంటింటికీ మధ్య తలుపు లేదు, పూసల తెర మాత్రమే. కాసేపటికి అక్క కాఫీ గ్లాసులతో వచ్చింది. ముందు అత్తకు ఇచ్చింది.

"ఏ ఊరు కుదిర్చినారు అత్తా?"

"స్విట్జర్లాండు. పాపం, నువ్వు రాలేవే," అంది అత్త.

"అవునత్తా. మీరు పోయి రాండి. టికెట్లు, హోటలు నేను వేస్తాను."

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా టికెట్లు వేసేది అక్కే. ఊరి పేరు రాసుకుంది. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

తర్వాతి వారాలు నాకు బాగా గుర్తు. వీసాకు మా ముగ్గురి కాగితాలు సర్దింది అక్క. పొడులు కొట్టింది, తొక్కు చేసింది. అత్తదీ అక్కదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. తిరుప్పూరు నుంచి ఉన్ని బట్టలు తెప్పించిన రోజు, అత్త తను తొడుక్కుని చూడలేదు. అక్కను పిలిచింది.

"నువ్వు వేసుకో. ఎట్ల ఉంటాదో నేను చూడాల."

చీర మీద స్వెటరు, దాని మీద మోకాళ్ళ దాకా కోటు, చేతులకు తొడుగులు, తలకు టోపీ. ఉక్కపోత రోజు అది, ఫ్యాను కూడా లేదు, కరెంటు పోయింది. అత్త సోఫాలో కూర్చుని, "తిరుగు. ఇంకొక తడవ తిరుగు. చెయ్యి ఎత్తు," అంటూ ఉంది. అక్క మెడ మీద నుంచి చెమట కారుతోంది. ఊపిరిలో ఈల మొదలైంది.

"చాలు అత్తా," అని నేనే టోపీ లాగేశాను.

"దానికి లేని నొప్పి నీకేంది?" అంది అత్త. అక్క మెల్లగా తొడుగులు విప్పి, ఒకదానిలో ఒకటి మడిచి పెట్టింది. "బాగా సరిపోతాది అత్తా మీకు," అంది. ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు.

నవంబరులో బయలుదేరాం. విమానం దిగి, రైళ్ళు మారి ఆ ఊరు చేరేసరికి సన్నటి వాన. కొండలు లేవు. ఉన్నాయట, కానీ పొగమంచు వాటిని మింగేసింది. వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి. తీగపెట్టె ఎక్కే చోట గాజు తలుపుకు తాళం, మరమ్మతుల కోసం డిసెంబరు దాకా నడపరని ఒక కాగితం. హోటల్లో మేము తప్ప ఎవరూ లేరు.

"ఇది మాకు మూసే కాలం. ఎండాకాలం వాళ్ళు వెళ్ళిపోయారు, మంచు మీద ఆడేవాళ్ళు ఇంకా రాలేదు. వచ్చేవాళ్ళకు మామూలుగా తెలిసే ఉంటుంది," అంది అక్కడి అమ్మాయి ఇంగ్లీషులో, మర్యాదగానే. మా ఆయన ఆ మాటల్ని అత్తకు తెలుగులో చెప్పలేదు.

పుట్టినరోజు పొద్దున అత్త కంచి పట్టుచీర కట్టి, పైన ఆ కోటు వేసుకుంది. ఖాళీ కుర్చీల మధ్య కేకు కోసింది. మా ఆయన అక్కకు వీడియో కాల్ చేసి ఫోను అత్త చేతికి ఇచ్చాడు. అక్క ఇంట్లోనే ఉంది, తల దువ్వుకుని, శుభ్రంగా.

"నమస్కారం అత్తా. మంచు కనపడిందా?"

అత్త ఫోనును కిటికీ వైపు తిప్పింది. "చూడు. అంతా మంచే."

"అది పొగమంచు కదా అత్తా. ఈ నెలలో అక్కడ అట్లనే ఉంటాది. పైకి పోయే పెట్టె కూడా నిలిపేస్తారు."

అత్త ఫోనును మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "ముందరే తెలుసా నీకు?"

"టికెట్ వేసే రోజే తెలుసు."

"ఏల చెప్పలా?"

"ఊరు మీరు కుదిర్చినారు. ఏల కుదిర్చినారో నేను వంటింట్లో నుంచి విన్నాను. అంత ఆశపడి కుదిర్చినది, వద్దని ఎట్ల చెప్పేది?"

అత్త ఫోనును బల్ల మీద బోర్లా పెట్టేసింది. కేకు పళ్ళెం పక్కకు నెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇద్దరూ కలిసే చేసినారు," అంది. నాకు తెలియదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. మిగిలిన రోజులు ఆ హోటలు గదిలో నాతో మాట్లాడలేదు. మా ఆయన కూడా ఆమె ఎదుట నాతో మాట్లాడలేదు. వాన ఆగలేదు.

ఇల్లు చేరేసరికి అక్క లేదు. తిరుప్పూరులో ఒక ఎగుమతి కంపెనీలో ఉద్యోగం చూసుకుని, అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంది. తన బట్టలూ మందులూ తీసుకెళ్ళింది. వాటితో పాటు హాల్లో దండ వేసి ఉండే బావగారి పెద్ద ఫోటో కూడా. ఆ చోట గోడ మిగతా గోడకన్నా తెల్లగా ఉంది. అత్త చెప్పులైనా విప్పకుండా దాని ముందు నిలబడి, ఏడవలేదు, అరిచింది. ఆ మాటలు నేను రాయలేను.

మరునాడు మా ఆయన తిరుప్పూరు వెళ్ళాడు. అక్క కాఫీ ఇచ్చిందట. ఫోటో ఆ గదిలోనే గోడకు ఉందట.

"వదినా, అమ్మ అన్నం తినడం లేదు," అన్నాడట.

"తినమని చెప్పు," అందట అక్క. "ఫోటో ఇయ్యను. నన్ను చూస్తే ఆమెకి చావే కనపడతాదంట కదా. కొడుకు ముఖం కావాలంటే ఇంకెక్కడైనా వెతుక్కోనీ."

బావగారు ఫోటోలు దిగే మనిషి కాదు. వెతగ్గా పెళ్ళి ఫోటో ఒకటి దొరికింది. అందులో ఆయన పక్కన అక్క ఉంది, చెయ్యి ఆయన భుజం మీద. అత్త అక్కను కత్తిరించి, ఆయనను మాత్రం పెద్దది చేయించమంది. స్టూడియో అతను చేసి తెచ్చాడు. భుజం మీద నాలుగు వేళ్ళు, గోరింటాకుతో, అలాగే మిగిలాయి.

"ఈ వేళ్ళు తీసేయి," అంది అత్త.

"తీస్తే భుజం పోతుంది అమ్మా," అన్నాడతను.

అత్త ఫోటోను అతని చేతిలో నుంచి తీసుకుంది. సాయంత్రం దాన్నే గోడకు తగిలించమంది.